పొయ్యి పక్క కుండ, పొడుగు కర్ర సంచి

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు పాత తెలుగు క్రైస్తవుల ఇళ్లు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది పొయ్యి పక్కన ఓ మూలగా ఉండే చిన్న కుండ. తర్వాత్తర్వాత అది పాలపొడి డబ్బా అయింది, ఆ తర్వాత ప్లాస్టిక్ డబ్బా అయింది. ఎసరు పెట్టి, బియ్యం కొలిచి చేటలో పోసుకున్న ఇల్లాలు కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. పైకి వినబడే ప్రార్థన ఏమీ ఉండదు, పెదవి కదిలితే కదిలినట్టు. పిడికెడు బియ్యం కానుక అంటే అదే. మిజోరం సంఘాల్లో కూడా 1910 నుంచి ఇదే పద్ధతి నడుస్తోంది.

లెక్క చూస్తే చిన్నదే. పెద్ద మనిషి గుప్పిట్లో 40 నుంచి 50 గ్రాముల బియ్యం పడతాయి. రోజుకి రెండు చొప్పున వారానికి 14 పిడికిళ్లు, అంటే 600 గ్రాముల పైమాట. 30 గడపలున్న సంఘానికి వారం తిరిగేసరికి 18 కిలోలు. ఒంటరి ముసలమ్మలు నలుగురైదుగురు ఆ వారం గడుపుకోవచ్చు.

ఇందులో ఒక కిటుకుంది, అది తెలియకపోతే మొత్తం పనే వేరైపోతుంది. పిడికెడు తీయాల్సింది బస్తాలోంచి కాదు, ఆ పూటకి కొలిచిన బియ్యంలోంచి. బస్తాలోంచి తీస్తే ఎవరికీ తెలియదు, ఎవరి కంచంలోనూ తగ్గదు. కొలిచిన దాంట్లోంచి తీస్తే ఆ పూట అన్నం ఒక పిడికెడు తగ్గుతుంది, ఆ తగ్గింది ఎక్కువగా ఆఖర్న తినే ఆవిడ కంచంలోనే. ఆవిడ తప్ప ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

పాడయ్యే దారులూ ఉన్నాయి. వారమంతా మరిచిపోయి శనివారం సాయంత్రం డబ్బాతో ఒక్కసారే కుండ నింపేయడం మొదటిది. తూకం వేస్తే బియ్యం అంతే ఉంటాయి, కానీ పద్నాలుగు పూటలు దేవుణ్ణి తలుచుకోవాల్సింది ఒక్క పూటతో సరిపెట్టినట్టు. రెండోది, నూకలూ పురుగు పట్టినవీ కుండకి తోసేసి మంచివి ఇంటికి ఉంచుకోవడం. మూడోది అన్నిటికన్నా చెడ్డది. ఎవరింటి కుండ ఎంత తూగిందో గుళ్లో చదవడం. చదివిన మర్నాటి నుంచి కుండలు బరువెక్కుతాయి, పద్ధతి మాత్రం చచ్చిపోతుంది.

ఒకసారి ఆ కుండలోకి తొంగి చూడండి. ఉన్నవాళ్లింటి కుండలో అన్నీ ఒకే రకం బియ్యం, ఏటికి సరిపడా కొని పెట్టుకున్నవి. రోజుకూలి ఇంటి కుండలో అలా ఉండవు. ఓ చారెడు ఎర్రటి ఉప్పుడు బియ్యం, దాని మీద తెల్ల పచ్చిబియ్యం, మళ్లీ కోటా బియ్యం, మధ్యలో రెండు మెరిగలు. ఏ రోజు కూలి ఆ రోజు, ఏ కొట్లో దొరికితే ఆ కొట్లో కొన్నవన్నమాట. అన్నీ కలిసినవి సమంగా ఉడకవు, ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకు ఉంటుంది. అందుకే వాటిని విడిగా ఉంచి, నానబెట్టి గంజి కాచుకునేవాళ్లకి ఇచ్చేవారు. తనకున్నదంతా వేసిందని యేసు మెచ్చుకున్న పేద విధవరాలి రెండు కాసుల మాట ఎన్ని ప్రసంగాల్లో విన్నా, ఆ రంగురంగుల బియ్యం చూసినంత తేటగా అర్థం కాదు.

కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, మెల్లగా ఉత్తరాదికి జరుగుతూ పర్లాకిమిడి దాకా వచ్చారు, కొండల మీద సవర గిరిజనుల మధ్య సెరంగోలో ఆసుపత్రి నడిపారు. అటు కొరాపుట్, జయపురం వైపు 1882లో వచ్చిన జర్మన్ బ్రెక్లం మిషన్ లూథరన్లది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి సరిహద్దు గీత మారింది, ఆఫీసులో ఒడియా వచ్చింది, గుళ్లో కీర్తన మాత్రం తెలుగులోనే సాగింది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు 2004 దాకా నడిచింది. దూరం ఊళ్ల నుంచి కూటాలకి వచ్చేవాళ్లకి అదే ఆధారం.

తెలుగు బైబిల్లో భక్తి పైకి చూపించుకునే పరిసయ్యుల్ని యేసు పిలిచిన మాట "వేషధారులారా" అని. మూలంలో ఉన్న గ్రీకు మాట హుపొక్రితేస్, నాటకంలో పాత్ర కట్టేవాడని అర్థం. అనువాదకులు ఎంత సరైన మాట పట్టారో మా వైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. రాత్రంతా భాగవతం ఆడిన ఊళ్లు ఇవి. సత్యభామ వేషం కట్టినవాడు తెల్లారాక మొహానికి కొబ్బరినూనె రాసి పసుపుపచ్చటి అర్దళం రంగు తుడుచుకునేవాడు. బుగ్గలు తేలిగ్గానే వదులుతాయి. చెవి వెనకా, జుట్టు మొదళ్ల దగ్గరా పసుపు రెండు రోజులు ఉండిపోతుంది. అయినా అతను వేషం వేశానని తెలిసి వేసినవాడు, చూసినవాళ్లకీ తెలుసు. అందులో మోసం లేదు. ఆదివారం ఆరాధనకి కట్టిన వేషం సోమవారం కూడా విప్పకపోవడం, కొన్నాళ్లకి అదే తన మొహమని తనే నమ్మేయడం, యేసు గద్దించింది దాన్ని.

పాత సంఘాల పెద్దలు దీనికి పెద్ద సిద్ధాంతాలేమీ చెప్పలేదు. ఏది మూసి ఉంచాలో, ఏది తెరిచి ఉంచాలో రెండూ వేరు చేసి చూపించారు. మత్తయి ఆరో అధ్యాయం మూయమన్నవి మూడు: ధర్మం, ప్రార్థన, ఉపవాసం. తెరవాల్సినవి మరికొన్ని: లెక్క, అప్పు, చేసిన తప్పు. ఈ రెండూ తారుమారైన చోటల్లా వేషం మొదలవుతుంది. ఇచ్చింది చాటుకుంటాం, ఖర్చు పెట్టింది దాస్తాం. ప్రార్థన మైకులో, అప్పు మాట చాటున.

కానుక సంచి ఎలా ఉండేదో ఈ కాలం పిల్లలకి తెలియదు. మూడు నాలుగు మూరల కర్ర, చివర ఇనప వలయం, వలయానికి కుట్టిన ముదురు ఎరుపు మఖమల్ సంచి. లోతు మూరెడుకి తక్కువుండేది కాదు. బెంచీ ఈ చివర నుంచి ఆ చివరికి చాపినప్పుడు చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోతుంది, మూసిన గుప్పిట మూసినట్టే దిగి ఖాళీగా బయటికొస్తుంది. పది రూపాయలు వేసినవాడి చెయ్యీ, పది పైసలు వేసినవాడి చెయ్యీ, ఏమీ లేక ఖాళీ గుప్పిట పెట్టినవాడి చెయ్యీ ఒకేలా కనబడతాయి. అడుగున లోపలి వైపు మందపాటి గుడ్డ వేసి కుట్టేవారు, నాణెం పడ్డ చప్పుడు వినబడకుండా. యెరూషలేము దేవాలయంలో కానుక పెట్టెలు పదమూడు ఉండేవని, వాటి నోళ్లు బూరల ఆకారంలో ఉండేవని యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా చెబుతుంది. లోహపు నోట్లో నాణెం జారితే ఎంత మోత వస్తుందో ఊహించుకుంటే ఆ గుడ్డ ముక్క విలువ తెలుస్తుంది.

తర్వాత పళ్లెం వచ్చింది. పళ్లెంలో పైనున్న నోటు అందరికీ కనబడుతుంది. ఆ తర్వాత పేరు రాసిన కవర్లు, ఏడాది చివర అచ్చేసిన జాబితా, ఇప్పుడు ఫోన్లో పంపితే అవతల తెర మీద పడే పేరు. కవరు తప్పని కాదు, నెలజీతం వాళ్లకి అది క్రమం నేర్పుతుంది. ఫోన్ కూడా తప్పు కాదు. ఆ పేర్లు కోశాధికారి ఒక్కరి దగ్గర ఆగి, గుళ్లో మొత్తం మాత్రమే చదివితే చాలు. సంఘం గ్రూపులో పేరూ అంకే పెట్టేసి కింద వరసగా దణ్ణాలు పెట్టించుకున్నారంటే, వాళ్లు తమ ఫలము పొందియున్నారని యేసు చెప్పిన మాట అక్కడికక్కడే నెరవేరిపోతుంది.

ఇచ్చే చెయ్యి మూసి ఉంచినంత గట్టిగా లెక్క తెరిచి ఉంచాలి. దీని పద్ధతి ఇలా ఉండేది. ఆరాధన అయిన వెంటనే, ఆ రోజే, అక్కడే లెక్కపెట్టాలి. ఇంటికి తీసుకెళ్లి రాత్రికి చూద్దాం అనకూడదు. ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు, బావా బావమరుదులు కూడా కాకూడదు. నోట్లు వేరు, చిల్లర వేరు, సిరాతో రాసి ఇద్దరూ సంతకం. కొట్టివేత ఉంటే పక్కన మళ్లీ సంతకం. పాస్టరు అయ్యగారి చేతికి డబ్బు రాకూడదు; అది ఆయన మీద అనుమానంతో కాదు, ఆయన్ని కాపాడ్డానికి. పౌలంతటివాడు యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పు పట్టకుండా ప్రభువు ఎదుటా మనుషుల ఎదుటా మంచిదే జరగాలని తోడు మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉంది. లెక్క అడిగినవాణ్ణి విశ్వాసం లేనివాడంటే ఆ సంఘంలో ఏదో దాగుందని అర్థం.

కోత పండుగ వేలం సంగతి చెప్పకపోతే జ్ఞాపకం పూర్తవదు. కొత్త పంట ఇంటికొచ్చాక గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు, కందులు, చోళ్లు, కొండ నుంచి వచ్చిన పసుపు కొమ్ములు గుడి ముందు పరిచి వేలం పాట పాడేవారు. పిల్లలకి అంత సందడి క్రిస్మస్‌కి కూడా ఉండేది కాదు. కానీ వేలమంటే నోరు తెరిచి ధర అరవాలి, పక్కవాడి కన్నా ఎక్కువ అరవాలి. ఎక్కడ చెడుతుందంటే, పట్టుదలకి పోయి గుమ్మడికాయకి వంద రెట్లు పాడి, చప్పట్లు అయ్యాక ఆ డబ్బు కట్టకపోవడంలో. అననీయ కథ గుర్తుంచుకోండి. పొలం అమ్మకముందు నీదే, అమ్మాక డబ్బూ నీదే అని పేతురు అతనితో స్పష్టంగానే అన్నాడు. కొంత దాచుకోవడం నేరం కాలేదు, కొంతే తెచ్చి ఇదే మొత్తమని చూపించడం నేరమయింది. అందుకే ఎరిగిన పెద్దలు డబ్బు చేతికి అందాకే సరుకు అప్పగించేవారు, పేర్లు పుస్తకంలో బాకీగా రాసుకునేవారు కాదు.

అన్నిటికన్నా కష్టమైనది ప్రభు సంస్కారానికి ముందు శనివారం. నెలలో మొదటి ఆదివారం రొట్టె, గిన్నె. దానికి ముందు సిద్ధపాటు కూటం. ఆ కూటం కన్నా ముందే తిరగాల్సిన గడపలు తిరిగి రావాలి. మత్తయి ఐదో అధ్యాయంలో ఒక మెలిక చాలామంది గమనించరు. నీకు నీ సహోదరుడి మీద కోపముంటే అని అక్కడ లేదు. నీ సహోదరుడికి నీ మీద విరోధముంటే అని ఉంది. అంటే కదలాల్సింది బాధపడ్డవాడు కాదు, బాధపెట్టినవాడు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి వెళ్లాలి, అర్పణ అయ్యాక తీరిగ్గా కాదు.

వెళ్లడానికీ పద్ధతుంది. ఒంటరిగా వెళ్లాలి. పెద్దమనుషుల్ని మొదటే తీసుకెళ్తే అది పంచాయితీ అయిపోతుంది. ఇద్దరు ముగ్గురు, ఆ పైన సంఘం అన్నవి మత్తయి పద్దెనిమిదిలో తర్వాతి మెట్లు. వెళ్లేది పగటి పనంతా అయ్యి అవతలి మనిషి కాళ్లు కడుక్కున్నాక, అన్నానికి కూర్చోకముందు. మాట తిన్నగా ఉండాలి: "అన్నా, గట్టు రెండు జానలు నీ దిక్కు జరిపింది నేనే. రేపు పొద్దున్న నువ్వూ రా, మళ్లీ పాత రాయి దగ్గరికి కొడదాం." దీనికి ముందూ వెనకా ఏమీ తగిలించకూడదు. "ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించు" అనేది క్షమాపణ కాదు. ఏం జరిగిందో నీకు తెలుసు, అతనికీ తెలుసు. "నువ్వు కూడా మొన్న..." అని మొదలుపెడితే వచ్చిన పని పోయినట్టే. డబ్బు అయితే చేతిలో పట్టుకెళ్లాలి. లేవీయకాండం ఆరో అధ్యాయం ప్రకారం అసలు మీద ఐదో వంతు కలపాలి, అంటే 500కి 600. పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగింతలిస్తానన్నాడు, అది అతని ప్రేమ. అంతా ఒకేసారి లేకపోతే ఎన్ని నెలల్లో తీరుస్తావో చెప్పి మొదటి వాయిదా ఆ రోజే ఇవ్వాలి.

"ప్రభువు నన్ను క్షమించేశాడు" అని అప్పిచ్చినవాడి గుమ్మం ముందు అనడం అన్నిటికన్నా గాయపరిచే మాట. ప్రభువు క్షమించిన అప్పు వేరు, ఈ మనిషి కూతురి పెళ్లికి దాచుకుని నీకిచ్చిన డబ్బు వేరు. గుళ్లో అందరి ముందూ సాక్ష్యంలో క్షమాపణ అడగడం ఇంకో తప్పు. అవతలి మనిషి కాదనలేని చోట నిలబెట్టి అడిగినట్టవుతుంది. తప్పు ఎంత మంది ముందు జరిగిందో ఒప్పుకోలు అంత మంది ముందు ఉంటే చాలు. అందరికీ కనబడేలా రొట్టె మానేసి వెనక బెంచీలో తల దించుకుని కూర్చోవడం కూడా ఒక వేషమే. మనిషి తన్ను తాను పరీక్షించుకొని తినాలని పౌలు రాశాడు, మానుకొమ్మని రాయలేదు. పరీక్షించుకుని, సరిచేసుకుని, వచ్చి తినాలి.

ఆ సంస్కారపు చిన్న గిన్నెలు కడిగే పని ఎప్పుడైనా చూశారా? ద్రాక్షలు దొరకని చోటు కాబట్టి రసం నల్ల ఎండు ద్రాక్షతో చేసేవారు. పావు కిలో ఎండు ద్రాక్షకి లీటరు నీళ్లు, పది నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో బాగా పిసికి పల్చటి గుడ్డలో వడగట్టాలి. శనివారం రాత్రి చేయాలి, వేసవిలో శుక్రవారమే చేసి పెడితే ఆదివారానికి నురగ కట్టి పులుస్తుంది. ఆరాధన అయ్యాక గిన్నెలు వెంటనే నీళ్లలో వేయకపోతే అడుగున మిగిలిన చుక్క ఎండి జిగురులా అంటుకుపోతుంది. పైన ఎంత తుడిచినా తళతళలాడుతుంది, పళ్లెంలో వరసగా పేర్చితే చూడముచ్చటగా ఉంటుంది. వేలు మాత్రం లోపలికి దూరదు. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, సన్నటి పుల్లకి మెత్తటి గుడ్డ చుట్టి, ఒక్కో గిన్నె అడుగున తిప్పి, వెలుతురుకి పట్టుకుని లోపలికి చూడాలి. తొందర్లో పైపైన కడిగితే మళ్లీ నెల తీసేసరికి అడుగున నల్లటి బూజు వలయం. గిన్నెకి వెలుపల శుద్ధి చేస్తారని మత్తయి ఇరవై మూడులో యేసు అన్న మాట ఆ పని చేసే అమ్మగార్లకి ఎవరూ వివరించక్కర్లేదు.

సంత దగ్గరికి వద్దాం. కొండ మీద నుంచి సవరలు చింతపండు, పసుపు, అడ్డాకులు, అనాసపళ్లు మోసుకుని దిగుతారు. వాళ్లలో చాలామంది క్రైస్తవులే, అదే ప్రభువుకి పాడేవాళ్లే. కొలతల కాలంలో మోసం ఎలా ఉండేదో పాతవాళ్లకి తెలుసు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కొనేటప్పుడు కుంచం కుదిపి, తట్టి, పైన గోపురంలా పోయించుకుంటారు. అమ్మేటప్పుడు అదే కుంచం కుదపకుండా వదులుగా నింపి, కర్రతో తలకొట్టి, పైగా బొటనవేలు లోపలికి పెట్టి పట్టుకుంటారు. కుంచం ఒక్కటే, కొలత రెండు. ద్వితీయోపదేశకాండం ఇరవై ఐదు దీన్నే వద్దంది. త్రాసు వచ్చాక పళ్లెం కింద చింతపండు ముద్ద అంటించడం, ఇప్పుడు కాటా మీద ఖాళీ బుట్ట తూకం తీసేయకపోవడం. సాధనం మారినా చెయ్యి అదే. పాటించాల్సినవి కష్టమైనవేమీ కావు: కొనేదానికీ అమ్మేదానికీ ఒకే కొలత, లెక్క అతని భాషలో పైకి చెప్పడం, పొద్దు వాలకముందే పూర్తి డబ్బు ఇచ్చేయడం. కొండ ఘాటీ ఎక్కాల్సిన మనిషిని చీకటి దాకా నిలబెడితే ఎంతకైనా వదిలేసి పోతాడని తెలిసే నిలబెడతారు. శనివారం అలా బేరమాడి ఆదివారం పక్క బెంచీలో అతనితో కలిసి కీర్తన పాడటం ఎలా కుదురుతుందో, ఆ ప్రశ్న మాత్రం ఏ పాతికేళ్లకీ పాతబడలేదు.

ఉపవాసం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తల అంటుకొని, మొహం కడుక్కుని, పనికి వెళ్లడమే. వండేవాళ్లకి ఒక్కరికే తెలియాలి, లేకపోతే అన్నం వృథా అవుతుంది. మిగిలిన పూట బియ్యం పక్కన పెట్టి ఆ రోజే ఇచ్చేయాలి. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా మానకూడదు. మగవాళ్లు ఉపవాసమని కూర్చుని, ఇంటావిడ మాత్రం పిల్లలకీ అత్తమామలకీ పొయ్యి దగ్గరే ఉంటే ఆ రోజు ఆవిడ పనిలో సగం ఉపవాసం ఉన్నవాడు చేయాలి. కూలివాళ్ల చేత గట్టిగా పని చేయించుకుంటూ ఉపవాసముంటే దేవుడు చూడడని యెషయా యాభై ఎనిమిది.

ఇంటి ప్రార్థనకి లాంతరు వెలుతుర్లో ఒక కీర్తన, ఒక అధ్యాయం, నాలుగు మాటలు. ఇంట్లో శ్రీకాకుళం యాసలో, బజార్లో ఒడియాలో మాట్లాడే మనిషి దేవుడి దగ్గర మాత్రం గ్రంథం మాటలు ఎందుకు వెతుక్కోవాలి? "నాయనా, ఈ యేడు వాన రాలేదు, పిల్లాడికి జ్వరం తగ్గలేదు" అంటే చాలు. పొరుగింటివాళ్ల తగువు దేవుడికి చెబుతున్నట్టు పక్కవాళ్లకి వినిపించే ప్రార్థన మొదలైతే ఆ ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా ఆమేన్ అనేసి ఆపేయాలి, అంతే.

ఆదివారం కుండ ఖాళీ చేశాక బియ్యం ఎవరికి చేరాలో ఇద్దరు ముగ్గురికే తెలిసేది. చీకటి పడ్డాక, సంచి చీర కొంగు కింద పెట్టుకుని, సంఘం తరఫున ఇళ్లకి తిరిగే బైబిలు స్త్రీ వెనక గుమ్మంలోంచి ఇచ్చి వచ్చేసేది. ఇచ్చేటప్పుడు సంఘం పంపిందనీ అనేది కాదు. "ఉంచమ్మా, గంజికి పనికొస్తాయి" అనేది. ఖాళీ కుండ లోపల తడి గుడ్డతో కాక పొడి గుడ్డతోనే తుడవాలి, తడి తగిలితే పురుగు పడుతుంది. అడుగున రెండు ఎండు వేపాకులు వేసి, మూత పెట్టి, మళ్లీ పొయ్యి పక్కన. సోమవారం పొద్దున్న బియ్యం కొలవగానే కడక్కముందు మొదటి పిడికెడు.